నలభై నిమిషాల ముచ్చట

సుక్కమ్మకు అరవై ఎనిమిదేళ్లు. ఈ వయసులో మనిషికి దాచుకోవడానికి ఏముంటుంది అనుకుంటాం కానీ ఆమెకు ఉంది. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు ఆమె తరిగిన ఆకుకూర పళ్లెం కొంగు కింద పెట్టుకుంటుంది. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మూడో అంతస్తు నుంచి మెట్లు దిగుతుంది. కింది వాటాలో ఉండే అండాలమ్మ గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని కడుపారా ముచ్చట పెట్టి, మళ్లీ అంతే చప్పుడు కాకుండా పైకి వస్తుంది. ఆ తరువాతే పొయ్యి వెలిగేది. ఆ వేళకు కోడలు పనిలో ఉన్నా, మిగతా వాటాల వాళ్లు చూసి చెబుతారని ఈ జాగ్రత్త. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే కొంప మునుగుతుందని సుక్కమ్మ భయం.

దానికి కారణం ఉంది. పోయిన ఏడు సద్దుల బతుకమ్మ నాడు కోడలు పద్మలత తెల్లవారకముందే లేచి, తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చి నడుమెత్తు బతుకమ్మను చేసింది. ఎత్తయితే వచ్చింది కానీ కొంచెం పక్కకు వాలింది. దాన్ని మోసుకుంటూ గల్లీలోకి వస్తుంటే అండాలమ్మ అందరి ముందూ, "ఏం పద్మా, నీ బతుకమ్మ కల్లు తాగినట్టు ఊగుతున్నదేందే!" అన్నది. కర్మన్‌ఘాట్ గల్లీ గల్లీ అంతా పగలబడి నవ్వింది. అండాలమ్మ మనసులో ఏమీ లేదు, కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. పద్మలత ఆ రోజు ఆట ఆడలేదు, పాట పాడలేదు. ఇంటికొచ్చి అత్తను నిలబెట్టి, "అత్తమ్మా, ఆ అండాలమ్మ గడప తొక్కితే నా మీద ఒట్టే" అన్నది.

ఒట్టు అంటే మామూలు విషయమా? సుక్కమ్మ పదిహేను రోజులు నిష్ఠగా ఉంది. పదహారో రోజున ఆమెకు ఒక మంచి ఆలోచన తట్టింది. కోడలు తొక్కవద్దన్నది గడపను. మెట్టు సంగతి చెప్పలేదు. గడపకు ఇవతల మెట్టు మీద కూర్చుంటే ఒట్టు ఎక్కడ తప్పినట్టు? వకీళ్లు కూడా ఇంత సన్నగా ఆలోచించరు. ఆనాటి నుంచి పదకొండు నెలలుగా ఆమె గడప తొక్కింది లేదు, ముచ్చట తప్పింది లేదు.

ఇంతకూ కొత్తగా పుట్టిన అలవాటు కూడా కాదిది. నల్లగొండ దగ్గర ఊళ్లో ఉన్నప్పుడు ఆమె ఆకు తరిగి పక్కన పెట్టి, బర్రెకు కుడితి పెట్టి, పాలు పిండి, అప్పుడు వచ్చి పొయ్యి మీద వేసేది. పట్నంలో బర్రె లేదు. అండాలమ్మ ఉంది.

కొడుకు యోగేందర్ ఎల్బీ నగర్ చౌరస్తాలో ట్రాఫిక్ హోంగార్డు. పద్నాలుగేళ్లుగా విజయవాడ రోడ్డు మీద వచ్చే ప్రతి బస్సు పొగా, ప్రతి లారీ పొగా మొదట అతని ముక్కుకు చెప్పి కానీ ఊళ్లోకి పోదు. పొద్దున తెల్ల రుమాలు జేబులో పెట్టుకుని పోతాడు, సాయంత్రం పెనం తుడిచిన గుడ్డను తెస్తాడు. ఆ రుమాలు ఉతికేది సుక్కమ్మే. ఉతికినప్పుడల్లా నల్లటి నీళ్లను చూసి, బట్ట మీదిదైతే పోయింది, లోపలిది ఎట్ల పోవాలె అనుకుంటుంది.

అదే దిగులు మనవరాలు అఖిలకూ పట్టుకుంది. దిల్‌సుఖ్‌నగర్ కాలేజీలో ఎమ్మెస్సీ న్యూట్రిషన్ రెండో ఏడు చదువుతోంది ఆ పిల్ల. ప్రాజెక్టు ఏం చెయ్యాలా అని నెల రోజులు తలపట్టుకుని, చివరికి నాయనమ్మ వండే ముల్లంగి ఆకు పప్పు మీద పడింది. సరూర్‌నగర్ రైతుబజార్‌లో జనం ముల్లంగి దుంపలు కొని, ఆకును తుంచి అక్కడే పారేసి పోతారు. సుక్కమ్మ ఆ ఆకును సంచి నిండా ఏరుకొస్తుంది. "పరువు తీస్తున్నవ్ అత్తమ్మా" అని పద్మలత మొత్తుకుంటుంది. తినేటప్పుడు మాత్రం రెండోసారి వడ్డించుకుంటుంది.

"ఆ ఆకుల ఏముందే బిడ్డా, గంతగనం చదవనీకి?" అని సుక్కమ్మ అడిగింది.

"గోబి, ఆవాలు, ముల్లంగి, ఇవన్నీ ఒకటే ఖాందాన్ నాయినమ్మ. ఆకుల రెండు దినుసులు వేరే వేరే అర్రలల్ల ఉంటయి. ఆకును కోస్తే ఆ గోడలు కూలి రెండూ కలుస్తయి. గప్పుడు పుడుతది ఘాటు. ఆ ఘాటు మన లోపలికి పోయి, విషాన్ని బయటికి తోసే పనోళ్లను నిద్రలేపుతదట. చైనాల ఒక దిక్కు గోబి జాతి మొలకల రసం మనుషులకు తాపి చూసిన్రు. పొగగాలిల పీల్చిన బెంజీన్ విషం మూత్రంల ఎక్కువ బయటికి పోయిందట."

"మరి మీ నాయిన పొగ?"

"గదంతా నేను చెప్పలేను. ముందుగాల నీ పప్పుల ఆ ఘాటు మిగులుతదా, ఉడికి పోతదా, గది చూస్త."

మొదటి రోజు అఖిల, ముందటి సాయంత్రం నాయనమ్మ వండిన పప్పును డబ్బాలో పెట్టుకుని కాలేజీకి పట్టుకుపోయింది. సాయంత్రం ఎగురుకుంటూ వచ్చింది. మిషన్‌లో ఘాటు లెక్క అనుకున్నదానికన్నా ఎంతో ఎక్కువ వచ్చిందట. ఆమె గైడు గీత మేడం గుంటూరు ఆవిడ, ఊరికే ఎవరినీ మెచ్చుకోదు. ఆవిడే "మీ నాయనమ్మకి నా నమస్కారాలు చెప్పు" అన్నదట. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. సుక్కమ్మ పప్పుకు కాలేజీలో దండం దొరికింది. ఆ రాత్రి ఆమె ఆనందం పట్టలేక ఇంకో ముద్ద ఎక్కువ తిన్నది.

చిక్కంతా మరునాడు మొదలైంది. అఖిల ఫోను పట్టుకుని, వంట పద్ధతి రాసుకోవడానికి ఎదురుగా కూర్చుంది. కర్మ కొద్దీ ఆదివారం. పద్మలత పక్కనే కూర్చుని మగ్గం పనికి పూసలు ఏరుతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బ్లౌజుల దుకాణంలో ఆమె పని. ఆదివారం పనిని ఇంటికి తెచ్చుకుంటుంది.

"ఆకు కడుగుత. సన్నగ తరుగుత. పెసరపప్పు సగం ఉడికినంక ఆకు ఏస్త, రెండు పొంగులకు దించుత" అంది సుక్కమ్మ.

"తరిగినంక జరసేపు పక్కకు పెడ్తవా నాయినమ్మ?"

సుక్కమ్మ ఓరకంట కోడలిని చూసింది. కోడలి చేతిలో పూసలు ఆగాయా, లేక ఆమెకే అట్లా అనిపించిందా?

"ఏ, పక్కకెందుకు పెడ్త? నాకేమన్న వేరే పని ఉన్నదా? తరుగుడు, ఏసుడు. అంతే."

అఖిల అంతే అని రాసుకుంది. నాయనమ్మ మాట కదా, శాస్త్రం లెక్క నమ్మింది.

ఆ రాసుకున్నదాని ప్రకారం కాలేజీలో మూడుసార్లు వండారు. మూడుసార్లూ ఘాటు లేదు, ఏమీ లేదు. మంగళవారం సాయంత్రం గీత మేడం ఫోన్ చేసింది. అఖిల స్పీకర్లో పెట్టి వింటుంటే గొంతు మెత్తగానే ఉంది కానీ మాట గట్టిగా ఉంది.

"చూడు అఖిలా, మొదటి డబ్బాలో అంత వచ్చి, మిగతా మూడిట్లో ఏమీ రాకపోతే చూసేవాళ్లు ఏమనుకుంటారు? నువ్వే ఏదో కలిపావనుకుంటారు. నేను అనుకోవట్లేదులే. కానీ శుక్రవారం రివ్యూలోగా కారణం దొరక్కపోతే ఈ టాపిక్ వదిలెయ్యాలి. కొత్తది మొదలెడితే ఒక సెమిస్టర్ పోతుంది, నేనేం చెయ్యలేను."

"వేరే పద్ధతులు కూడ చూస్త మేడం."

"మనం పెట్టుకున్నదే ఇంటి వంట పద్ధతిని ఉన్నదున్నట్టు చూద్దామని. పద్ధతి మార్చేస్తే ఇక మీ నాయనమ్మ వంట ఎలా అవుతుంది?"

ఫోన్ పెట్టేసి అఖిల గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పిల్ల ఏడుపు బయటికి వినబడదు, వీపు కదులుతుంది. సుక్కమ్మ పొయ్యి దగ్గర దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉంది. తను చెప్పని ముచ్చట ఇందులో ఎక్కడో కాలు పెట్టిందని ఆమెకు అనుమానం తగిలింది. అయినా, ఆకు ఊరికే కూర్చుంటే ఏమవుతుందిలే, అదేమన్నా ఇడ్లీ పిండా అని సర్దిచెప్పుకుంది.

బుధవారం పొద్దున అఖిల కళ్లు వాచిపోయి లేచింది. "నాయినమ్మ, ఇయ్యాల నా ముంగట వండు. నువ్వెట్ల చేస్తవో గట్లనే చెయ్" అంది. పద్మలత కూడా అక్కడే టిఫిన్ డబ్బా కట్టుకుంటోంది. సుక్కమ్మ కడిగింది, తరిగింది. తరగడం అయ్యాక ఆమె కాళ్లు వాటంతట అవే తలుపు వైపు రెండడుగులు వేశాయి. కోడలు తలెత్తి చూసింది. సుక్కమ్మ గిరుక్కున తిరిగి ఆకును పప్పులో వేసింది.

సాయంత్రం అఖిల వచ్చింది. మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"నీ చేత్తో వండినా రాలే నాయినమ్మ. అంటే ఫస్ట్ డబ్బా దగ్గర నేనే గడ్‌బడ్ చేసిన. రేపు మేడంకు అదే చెప్త. తప్పు నాదేనని రాసిస్త."

ఆ మాట సుక్కమ్మ గుండెకు తగిలింది. ఇరవై మూడేళ్ల పిల్ల, చెయ్యని తప్పు నెత్తిన వేసుకుంటోంది. అప్పుడే యోగేందర్ డ్యూటీ దిగి వచ్చాడు. మొహం కడుక్కుని, దగ్గి, జేబులోంచి రుమాలు తీసి బకెట్టు మీద వేసి, కంచం ముందు కూర్చున్నాడు. పద్మలత అన్నం పెడుతోంది. సుక్కమ్మ ఆ నల్ల రుమాలును చూసింది, మనవరాలిని చూసింది. ఒట్టు తప్పితే కోడలికి ఏమవుతుందోనన్న భయం ఒక పక్క, మనవరాలి చదువు ఒక పక్క.

"ఆకును పక్కకు పెడ్త" అంది.

అందరూ తలెత్తారు.

"ఏంది నాయినమ్మ?"

"తరిగినంక ఆకును పక్కకు పెడ్త. రోజు పెడ్త. అబద్ధం చెప్పిన బిడ్డా."

అఖిల కంచం వదిలి లేచింది. "ఎంతసేపు? ఎక్కడ పెడ్తవ్? మూత పెడ్తవా? ఎండలనా, నీడలనా?"

"ఎంతసేపో నాకెర్క లేదు. నీడనే. తడిగుడ్డ కప్పుత. నడుమ నడుమ చేత్తోని కలుపుత..."

"ఎంతసేపో తెల్వకుంటే ఎట్ల నాయినమ్మ? నాకు నిమిషాలు కావాలె!"

"నిమిషాలు అండాలమ్మకు ఎర్క" అంది సుక్కమ్మ. అనేశాక ఇక దాచడానికి ఏముంది? కళ్లు మూసుకుని మొత్తం చెప్పేసింది. పదకొండు నెలలు, నాలుగు గంటలు, చేతిలో చెప్పులు, కొంగు కింద పళ్లెం. "గడప తొక్కలేదు పద్మా. నీ మీద ఒట్టు. మెట్టు మీదనే కూసున్న. ఒక్కనాడు గూడ గడప తొక్కలే."

మొదట యోగేందర్ నవ్వాడు. నవ్వుకు దగ్గు తోడయింది, దగ్గుతూనే నవ్వాడు. పద్మలత నవ్వలేదు. గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి కడుక్కుని, మెట్లు దిగి పోయింది. సుక్కమ్మ గుమ్మం దాకా వచ్చింది. "అయ్యో, పోరా యోగీ, ఆ ముసల్దాన్ని ఏమంటదో" అని కొడుకును తోసింది. ముగ్గురూ మెట్ల దగ్గరికి వచ్చి చెవులు రిక్కించారు.

కింద తలుపు కొట్టిన చప్పుడైంది. తరువాత పద్మలత గొంతు వినిపించింది.

"పెద్దమ్మా, మీ ఇద్దరు రోజు ఎంతసేపు ముచ్చట పెడ్తరు?"

అండాలమ్మ జీవితంలో మాట తడుముకున్నది అదే మొదటిసారని సుక్కమ్మ తరువాత ఎన్నోసార్లు చెప్పింది.

"నా బిడ్డ పరీక్షకు కావాలె. కరెక్టు చెప్పు."

"నాలుగు గంటలకు నా సీరియల్ మొదలైతది. అది అయిపోయినంక ఇంకో పది నిమిషాలు దాని మీదనే తిట్టుకుంటం. నలభై నిమిషాలు అనుకో బిడ్డా."

"రేపు పొద్దుగాల పెట్టుండ్రి గదే ముచ్చట. నేను గూడ దుకాణం పోను."

గురువారం పొద్దున ఎనిమిదింటికి అండాలమ్మ గుమ్మం ముందు ప్రయోగం జరిగింది. అఖిల సగం ఆకును తరిగిన వెంటనే ఉడికించి డబ్బాలో పెట్టింది. మిగతా సగం పళ్లెంలో, తడిగుడ్డ కింద, ఇద్దరు ముసలమ్మల మధ్య మెట్టు మీద ఉంది. ఫోన్లో నలభై నిమిషాలు పెట్టి, "ఊ, ఇగ రోజు మాట్లాడినట్టే మాట్లాడుండ్రి" అంది.

చూడాలి ఆ తమాషా! రోజూ గల్లీలో ఏ ఇంట్లో ఏ కూర మాడిందో చెప్పే ఇద్దరూ, మాట్లాడమంటే నోరు పెగలక ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

"అన్నం తిన్నవా అక్కా?" అంది అండాలమ్మ, గవర్నమెంటు ఆఫీసులో కూర్చున్నట్టు.

"ఇంక తినలే. నువ్వు?"

"నేను గూడ తినలే."

అయిదు నిమిషాలు గడిచాయి. అప్పుడు ముచ్చట కదిలించడానికని సుక్కమ్మ, "ఊర్ల ఉన్నప్పుడు ఆకు తరిగి బర్రె కాడికి పోతుంటి. ఇక్కడ బర్రె లేక నీ కాడికొస్తున్న" అని నోరు జారింది.

"అంటే నేను నీకు బర్రె లెక్క కనబడ్తున్ననా?" అని అండాలమ్మ లేచింది.

గోడకు ఆనుకుని నిలబడ్డ పద్మలత పక్కున నవ్వింది. పదకొండు నెలలు ఆపుకున్న నవ్వేమో, పైట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ నవ్వు చూసి అండాలమ్మకూ నవ్వొచ్చింది. ఇక అక్కడి నుంచి ముచ్చట కట్ట తెగిన చెరువే. పద్మలత దుకాణంలో పెళ్లికూతుళ్ల బ్లౌజుల తగాదాలు చెప్పింది, అండాలమ్మ తన పెళ్లినాటి రవిక కథ చెప్పింది. మాటల మధ్యలో ఆకును కలిపింది ముగ్గురిలో ఎవరో ఎవరికీ గుర్తులేదు. టైమర్ మోగినప్పుడు గుడ్డ తీస్తే ఘాటు గుప్పున ముక్కుకు తగిలింది. అఖిల ఆ ఆకునూ ఉడికించి, రెండు డబ్బాలూ పట్టుకుని కాలేజీకి పోయింది.

మధ్యాహ్నం కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. వెంటనే వండినదాంట్లో ఏమీ లేదు. కూర్చుని ముచ్చట విన్నదాంట్లో మొదటి డబ్బాలో ఎంత ఉందో దాదాపు అంతే ఉంది. "నాయినమ్మా!" అని అఖిల అరిచిన అరుపుకు సుక్కమ్మ ఫోను చెవికి దూరంగా పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిగడ్డ కోస్తున్నానని చెప్పింది, పక్కన ఉల్లిగడ్డ లేకపోయినా.

శుక్రవారం రివ్యూలో ఏం జరిగిందో అఖిల ఇంటికొచ్చి నటించి మరీ చూపించింది. కోసిన ఆకులో రెండు దినుసులూ కలిసి ఘాటు పుట్టడానికి వ్యవధి కావాలనీ, వెంటనే వేడి తగిలితే ఆ పని మధ్యలోనే చచ్చిపోతుందనీ, అందుకే మూడుసార్లూ రాలేదనీ గడగడా చెప్పిందట. అంతా విని గీత మేడం కళ్లద్దాలు పైకి జరుపుకుని, "బాగుంది. ఈ నలభై నిమిషాలు అనే లెక్క ఎక్కడి నుంచి తెచ్చావమ్మా?" అని అడిగిందట.

"మా నాయినమ్మ ముచ్చట మేడం అన్న. అందరు నవ్విన్రు. మేడం రాయమన్నది, అది కూడ రాయమన్నది!"

"మరి మీ నాయిన పొగ పోతదంటనా?" అంది సుక్కమ్మ. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

అఖిల పక్కన కూర్చుని నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇంక తేలాలె నాయినమ్మ. మనుషుల మీద చూడాలె, మస్తు రోజులు పడుతది. నాన్న మాస్కు మాత్రం తియ్యొద్దు. గని నీ పప్పు తింటే నష్టం లేదు, లాభం ఉండొచ్చు. ఇంతవరకైతే నేను సంతకం పెట్టి చెప్త."

"ఉండొచ్చు అంటే చాలు బిడ్డా" అంది సుక్కమ్మ. నిజంగానే ఆమెకు చాలు. ఇన్నాళ్లూ నల్లనీళ్లు పారబోయడం తప్ప తన చేతిలో ఏమీ లేదనుకుంది. ఇప్పుడు ఒక పళ్లెం ఆకైనా ఉంది.

మరునాడు శనివారం. దుకాణంలో అడిగి పద్మలత మూడున్నరకే ఇంటికి వచ్చింది. చేతి సంచిలో ముల్లంగి ఆకు ఉంది. "రైతుబజార్ల నేనే ఏరిన" అంది, అత్త మొహం చూడకుండా. చాకు తీసుకుని సన్నగా తరిగి, పళ్లెంలో వేసి, తడిగుడ్డ కప్పింది.

"పా అత్తమ్మా. చెప్పులు ఏసుకో, చేతుల పట్టుకునుడెందుకు?"

సుక్కమ్మ టపటపా చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగింది. పదకొండు నెలల్లో మొదటిసారి. కింద అండాలమ్మ తలుపు తీసి పెట్టే ఉంది. సుక్కమ్మ అలవాటుగా మెట్టు మీద చతికిలబడబోయింది. పద్మలత ముందుగా గడప దాటి లోపలికి పోయి, వెనక్కి తిరిగి, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన, లోపటికి రా" అంది.

ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. టీవీలో సీరియల్ మొదలైంది. ఎవరూ చూడలేదు. ఇంకో మూడు వారాల్లో బతుకమ్మ పండుగ అని మాట వచ్చింది. అండాలమ్మ గొంతు సవరించుకుంది.

"పద్మా, ఆనాడు అట్ల అన్నది నా తప్పే. గని ఒరిగింది మాత్రం నిజమే."

సుక్కమ్మ అండాలమ్మను మోచేత్తో పొడిచింది.

"నిజమే పెద్దమ్మా" అంది పద్మలత. "నేను ఒక్కదాన్నే పేర్చిన గద, పట్టుకునేటోళ్లు లేకపాయె."

"ఈసారి నేను పట్టుకుంట. నువ్వు పేర్చు."

పద్మలత ఫోన్లో పెట్టిన నలభై నిమిషాల గంట మోగింది. సుక్కమ్మ ఇక చాలునని పళ్లెం తీసుకుని లేవబోయింది. పద్మలత గంట నొక్కేసి, అత్త కొంగు పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టింది.

"కూసో అత్తమ్మా. ఆకు ఇంకో పది నిమిషాలు ఆగుతది."